అత్తయ్యగారి "ఇంత"... ఒక హార్డ్ డిస్కు కథ

మా ఇంట్లో ఆవకాయ జాడీ ఎక్కడుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పోయినేడు పెట్టిన మాగాయ ఏ సీసాలో ఉందో, చిన్నాడి బారసాలకి వచ్చిన వెండి గిన్నె బీరువాలో ఏ అరలో ఏ చీర కింద ఉందో, ఇంటి పన్ను రసీదులు ఏ కవర్లో ఉన్నాయో అన్నీ నాకు తెలుసు. కానీ పదేళ్ల ఫోటోలు, వీడియోలు ఎక్కడున్నాయి అంటే మాత్రం "అదిగో, ఆ నల్ల డబ్బాలో" అనేదాన్ని. ఆ నల్ల డబ్బా హార్డ్ డిస్కు. దాన్లో ఏముందో, ఎలా సర్దారో నాకు తెలీదు. అది మావారి డిపార్టుమెంటు.

పోయిన దసరాకి ఇల్లు దులుపుతూ ఆ డబ్బాని నేనే కింద పడేశాను.

పెద్ద ఎత్తు నుంచేం కాదు. కంప్యూటరు బల్ల మీంచి, అంతే. చిన్నాడు స్కూలు ప్రాజెక్టుకి ఏదో ఫోటో వెతుక్కుని, డిస్కుని తగిలించి అలాగే వదిలేసి ఆటకి పోయాడు. తుడుస్తుంటే వైరు చేతికి చుట్టుకుని జారిపోయింది. తీసి చూస్తే ఒక్క గీత కూడా లేదు. హమ్మయ్య అనుకుని, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టేశాను. సాయంత్రం మావారు వచ్చి తగిలిస్తే డిస్కు కనిపించలేదు. లోపల్నుంచి "టక్... టక్... టక్..." అని ఒకటే శబ్దం. గోడ గడియారంలో ముల్లు ముందుకి పోలేక అక్కడే కొట్టుకుంటుందే, అలాగ.

ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుందని నా అనుమానం. మావారు ముందు వైరు మార్చారు. తర్వాత ఇంకో పోర్టులో పెట్టారు. తర్వాత లాప్‌టాప్ మార్చారు. పక్క ఫ్లాటు అబ్బాయి వచ్చి డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్లున్నాయా అని చూసినట్టు ఊపి చూశాడు. మా మరిది ఫోన్లో "అన్నయ్యా, కవర్లో చుట్టి ఓ రాత్రి ఫ్రీజర్లో పెట్టు, పొద్దున్నకి పనిచేస్తుంది, మా ఫ్రెండుకి చేసింది" అన్నాడు. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. నాకేదో తెలిసి కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్టుకి చెమట పట్టడం రోజూ చూసేదాన్ని కదా, ఆ చెమట డిస్కు లోపల పడితే ఏమవుతుందోనని.

మర్నాడు రాత్రి రెండింటికి మంచినీళ్లకి లేస్తే హాల్లో లైటు వెలుగుతోంది. మావారు మళ్లీ డిస్కు తగిలించుకుని కూర్చున్నారు. "ఒక్కసారి ఓపెన్ అయితే చాలు. అది ఒక్కటీ కాపీ చేసేసుకుంటాను" అన్నారు.

అది అంటే ఏదో నేను అడగలేదు.

2017 మే నెలలో అత్తయ్యగారు ఆవకాయ కలుపుతుంటే నేను ఫోన్లో తీసిన వీడియో. పంతొమ్మిది నిమిషాలు. ఆవిడ 2021లో పోయారు. ఆవిడకి కొలతలు రాయించే అలవాటు లేదు. "ఎంత వెయ్యాలి అత్తయ్యా?" అంటే "ఇంత" అని అరచెయ్యి చూపించేవారు. ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత, మెంతులు ఇదిగో ఇంతే. ఆ "ఇంత"ని కాగితం మీద ఎలా రాసుకోను? అందుకే వీడియో తీశాను. మధ్యలో "ఆ ఫోను అవతల పెట్టి ముక్కలు తుడు, తడి ఉంటే ఊరుకోను" అని నన్ను కసురుకోవడం కూడా ఉంది. మావారు ఆ రాత్రి వెతుక్కుంటున్నది ఆవకాయ కొలతలు కాదు, ఆ కసురు.

మూడో రోజు డిస్కు పట్టుకుని నేనే బయల్దేరాను. ముందు మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్లాను. ఆ కుర్రాడు చూసి, "వదిలెయ్యండి మేడమ్, విప్పి చూస్తాను, రాకపోతే ఫార్మాట్ కొట్టేద్దాం, డిస్కన్నా పనికొస్తుంది" అన్నాడు. నాకు డిస్కు పనికిరావడం కాదు కదా కావలసింది! పైగా అందులో మా అందరి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు కాగితాలు, పిల్లల చిన్నప్పటి స్నానాల ఫోటోలు ఉన్నాయి. రసీదు కూడా ఇవ్వని షాపులో అవన్నీ వదిలి ఎలా వస్తాను? వెనక్కి తెచ్చేశాను. తర్వాత తెలిసినవాళ్లని అడిగి, ఈ పనే చేసే ఒక డేటా రికవరీ ల్యాబుకి తీసుకెళ్లాను.

అక్కడి అబ్బాయి నాకు ఓపిగ్గా అంతా చెప్పాడు. పదేళ్లు ఇంట్లో పెట్టుకున్న వస్తువు గురించి మొదటిసారి విన్నాను.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయట. మా దాంట్లోలాంటి చిన్న డిస్కుల్లో అవి ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. వాటి మీద పాత గ్రామఫోన్ ముల్లులాంటి హెడ్ ఒకటి ఉంటుంది. కానీ గ్రామఫోన్ ముల్లులా అది పళ్లేన్ని తాకదు, తాకకూడదు. గాలిపొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తల వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు ఎక్కువ. తిరుగుతున్నప్పుడు కింద పడితే ఆ హెడ్ వెళ్లి పళ్లేనికి తగులుతుంది. అప్పుడు పళ్లెం మీద పొర గీసుకుపోతుంది. ఆ పొరే మన ఫోటోలు.

మరి ఆ టక్ టక్? హెడ్ తానెక్కడున్నానో తెలుసుకోలేక, చదవలేక, వెనక్కొచ్చి మళ్లీ ప్రయత్నించే చప్పుడట. మనం తగిలించిన ప్రతిసారీ దెబ్బతిన్న హెడ్ ఆ పళ్లేల మీద మళ్లీ తిరుగుతుంది. ఇంకాస్త గీస్తుంది. "మొదటిసారి శబ్దం విన్నప్పుడే ఆపేసి తెచ్చి ఉంటే ఇంకా బాగా వచ్చేదండీ. ఎన్నిసార్లు ఆన్ చేశారు?" అని అడిగాడు. నేను లెక్కపెట్టలేదు. రాత్రి రెండింటికి హాల్లో వెలిగిన లైటు గుర్తొచ్చి చెప్పబుద్ధి కూడా కాలేదు. ఇంటికొచ్చి మావారికీ చెప్పలేదు. ఇన్నాళ్లకి ఇక్కడ రాస్తున్నాను.

విప్పి చూడటం, ఫ్రీజర్లో పెట్టడం గురించి కూడా అడిగాను. ఆ ల్యాబుల్లో దుమ్ము లేకుండా గాలిని వడకట్టిన గదిలోనే డిస్కు మూత తీస్తారట. హెడ్ కింద ఉన్న ఆ సందులో మన ఇంటి దుమ్ము రేణువు ఒకటి పడినా బండరాయి పడ్డట్టే. ఫ్రీజర్ ఇంకా అన్యాయం, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. పాల ప్యాకెట్టు చూసి భయపడ్డ నా బుద్ధికి నేనే భుజం తట్టుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాడు, ఇది మనకి బాగా అర్థమయ్యేది. డిస్కులోంచి పోవడం రెండు రకాలు. మనం పొరపాటున డిలీట్ చేసినా, కొన్నిసార్లు ఫార్మాట్ చేసినా, వంటింట్లో డబ్బాల మీద అంటించిన చీటీలు పీకేసినట్టే. లోపల కందిపప్పు కందిపప్పుగానే ఉంటుంది, ఏ డబ్బాలో ఏముందో కంప్యూటరు మర్చిపోతుంది. ఇలాంటివాటికి డిస్కు శబ్దం లేకుండా మామూలుగా తిరుగుతుంటే సాఫ్ట్‌వేర్‌తో తీయొచ్చు. ఫోటోరెక్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. దాంతో తీస్తే ఫోటోల పాత పేర్లు, ఫోల్డర్లు రావు, బొమ్మలు వస్తాయి. కానీ ఒక్క షరతు. ఆ డిస్కులో గానీ, ఫోన్ కార్డులో గానీ కొత్తగా ఏమీ వెయ్యకూడదు. ఒక్క ఫోటో కూడా తీయకూడదు. కందిపప్పు డబ్బా ఖాళీ అనుకుని అందులో రవ్వ పోసేస్తే ఇంక పప్పు ఎక్కడ్నుంచి వస్తుంది? తీసినవాటిని కూడా వేరే డిస్కులోకే దించుకోవాలి. ఇప్పటి లాప్‌టాపుల్లో వచ్చే ఎస్ఎస్‌డీల్లో ఇంకో తిరకాసు ఉంది. చాలావాటిలో చీటీ పీకిన కాసేపటికి డబ్బా కూడా అవే కడిగేసుకుంటాయి. అందులో డిలీటైంది వస్తుందన్న ఆశ తక్కువ.

రెండో రకం మాది. డబ్బాయే పగిలింది. దీనికి సాఫ్ట్‌వేర్లు పనికిరావు, వాడితే ఇంకా చెడుతుంది. అదే మోడల్ డిస్కు ఇంకోటి వెతికి, దాని హెడ్ తీసి దీనికి అమర్చి, కొద్దికొద్దిగా చదువుకుంటూ కాపీ తీస్తారు. ఖర్చు 32,000 రూపాయలు అన్నాడు. ఎంత వస్తుందో ముందుగా చెప్పలేను అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి ఆ అంకె చెప్పగానే అందరూ తలోమాట అన్నారు. "ఫోటోలకి 32 వేలా?" "కొత్త టీవీ వస్తుంది." "పోయినవాటి కోసం ఎందుకు, మనసులో ఉన్నాయి కదా!" మావారు ఏమీ అనలేదు. "చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, మీ ఇళ్లలోనూ ఆ మాట ఉండే ఉంటుంది.

మనసులో ఉన్నాయి అనే మాట నేను చాలాసార్లు ఆలోచించాను. అందులో కొంత నిజముంది. మన అమ్మమ్మలకి ఒకటీ అరా ఫోటోలే ఉండేవి. వాళ్లేం మర్చిపోలేదు. మనం ఒకే పుట్టినరోజు కేకుని నలభైసార్లు తీసుకుంటున్నాం, మళ్లీ చూసేది ఒక్కటీ ఉండదు. అవన్నీ పోతే బెంగపడాలా? అక్కర్లేదు. కానీ మనసు "ఇంత"ని దాచుకోలేదు కదా. నాకు అత్తయ్యగారి మాట గుర్తుంది, గొంతు గుర్తుంది, ఆ అరచేతిలో ఉప్పు ఎంత ఎత్తున ఉందో మాత్రం గుర్తు లేదు. నాలుగేళ్లుగా ఆవకాయ పెడుతూనే ఉన్నాను, ఏటా "అమ్మది ఇలా ఉండదు" అని ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. ఇంక మా పిల్లల సంగతి. చిన్నాడికి నాయనమ్మ పోయేనాటికి నాలుగేళ్లు. వాడి మనసులో ఏముంటుంది?

నా చీటీ డబ్బు వచ్చి ఉంది. ఆ డబ్బుతో కట్టేశాను. ఇది గొప్ప అని చెప్పడం లేదు. ఎవరి ఇంటి పరిస్థితి వాళ్లది. 32 వేలు లేని ఇంట్లో ఆ డిస్కుని గుడ్డలో చుట్టి, ఇంక తగిలించకుండా బీరువాలో పెట్టుకుంటే చాలు, డబ్బు చేతికొచ్చినప్పుడు చూసుకోవచ్చు అని ఆ అబ్బాయే చెప్పాడు. కానీ మా ఇంట్లో ఆ డబ్బు ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ పోతే, బండి టైర్లు అరిగితే ఎవరూ "చూద్దాంలే" అనరు. జ్ఞాపకాల దగ్గరే బేరం మొదలవుతుంది. అదే నాకు నచ్చలేదు.

డబ్బు కట్టాక అసలు పరీక్ష వచ్చింది. "ముఖ్యమైన ఫోల్డర్లేవో రాసివ్వండి, పళ్లెం బాగా గీసుకుపోయింది, ముందు వాటి కోసం ప్రయత్నిస్తాం" అన్నారు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏమని రాయను? నాకు గుర్తున్నవి పేర్లు కావు. పెద్దదాని ఓణీల ఫంక్షన్, అన్నవరం ప్రయాణం, మా అమ్మ షష్టిపూర్తి, నాన్న చివరిసారి మా ఇంటికొచ్చిన ఆదివారం. ఇవి ఏ ఫోల్డర్లో ఉన్నాయి? మావారిని అడిగితే ఆయనా తడబడ్డారు. "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "ముఖ్యం", "ముఖ్యం కొత్తది", "పాత ఫోన్ అన్నీ"... ఆయన డిపార్టుమెంటు అనుకున్నాను, ఆయనా అందులోకి పోసి మూత పెట్టేవారే తప్ప సర్దింది లేదు. కారం డబ్బా మీద "కారం 2" అని రాసే ఆడది ఎక్కడైనా ఉంటుందా చెప్పండి!

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇంట్లో దాచడం, సర్దడం, పాడవకుండా చూసుకోవడం తరతరాలుగా మనం చేస్తున్న పని. పప్పుకి పురుగు పట్టకుండా ఎండబెడతాం, పట్టుచీర మడతలు మార్చి పెడతాం, పచ్చడి జాడీకి వాసెన కడతాం. మరి కంప్యూటరు అనగానే ఆ పని మనది కాదని ఎందుకు అనుకున్నాం? వైర్లు ఉన్నాయనా? మిక్సీకి లేవా? మగవాళ్లని తప్పుపట్టడానికి అనడం లేదు. మావారికి కొనడం తెలుసు, తగిలించడం తెలుసు. దాచడం అనేది వేరే విద్య. అది మనకి బాగా వచ్చు. వచ్చి కూడా చేతులు కట్టుకుని కూర్చున్నాం, కూర్చున్నాను.

నాకు బాగా నచ్చిన ఒక నిజం కథ చెబుతాను. మన పిల్లలు చూసే "టాయ్ స్టోరీ 2" సినిమా ఉంది కదా. 1998లో అది తయారవుతున్నప్పుడు పిక్సార్ సంస్థలో ఎవరో పొరపాటున ఒక డిలీట్ కమాండ్ కొట్టారు. సినిమా ఫైళ్లు వాళ్ల కళ్లముందే మాయమవడం మొదలైంది. సరే బ్యాకప్ ఉందిగా అని చూస్తే, ఆ బ్యాకప్ సరిగ్గా పనిచేయడమే లేదని అప్పుడు తెలిసింది. అంత పెద్ద సంస్థ, అంతమంది ఇంజనీర్లు! అప్పుడు ఆ సినిమాకి టెక్నికల్ డైరెక్టరుగా ఉన్న గ్యాలిన్ సస్మన్ అనే ఆవిడకి గుర్తొచ్చింది. ఆవిడకి అప్పుడు పసిబిడ్డ. బిడ్డని చూసుకుంటూ ఇంటి దగ్గర్నుంచి పనిచేయడానికి ఇంట్లో కంప్యూటర్లో సినిమా కాపీ ఒకటి పెట్టుకుంది. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, కార్లో మెల్లగా ఆఫీసుకి తీసుకెళ్లారు. ఆ కాపీయే వాళ్లని గట్టెక్కించింది. 1999లో సినిమా విడుదలైంది.

బిడ్డతల్లి ఇంట్లో ఉన్న కాపీ అంత పెద్ద సంస్థని కాపాడిందంటే, మన ఇంటి మాటేమిటి?

అలాగని ల్యాబువాళ్లు తక్కువవాళ్లు కారు. మన కల్పనా చావ్లా ప్రాణాలు పోగొట్టుకున్న కొలంబియా వ్యోమనౌక గుర్తుందా, 2003 ఫిబ్రవరి 1న కూలిపోయింది. ఆ శిథిలాల్లో కొన్ని నెలల తర్వాత కాలి నల్లబడ్డ హార్డ్ డిస్కు ఒకటి దొరికితే, దాన్లోంచి దాదాపు 99 శాతం సమాచారం బయటికి తీశారు. వ్యోమగాములు చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ఆ డిస్కు వల్లే 2008లో అచ్చయ్యాయి. అంత ఆకాశం నుంచి పడ్డదాంట్లోంచి వస్తే, మా బల్ల మీంచి పడ్డదాంట్లోంచి రాదా అని ఆశపడ్డాను. తేడా ఎక్కడంటే, అందులో పళ్లేలు బాగానే మిగిలాయి. మాది పడింది తక్కువ ఎత్తు నుంచే గానీ, పడ్డాక మేం చేసిన సేవ ఎక్కువ.

మూడు వారాల తర్వాత ల్యాబు నుంచి ఫోను వచ్చింది. చాలావరకు ఫోటోలు వచ్చాయి. నాన్న వచ్చిన ఆదివారం దొరికింది. అన్నవరం దొరకలేదు. ఓణీల ఫంక్షన్ సగం. ఆవకాయ వీడియో వచ్చింది, కానీ పదకొండు నిమిషాల తర్వాత ఆగిపోతుంది. ఆ పదకొండు నిమిషాల్లో కూడా మధ్యలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయి, బూడిదరంగు ముక్కలు కనిపిస్తాయి. గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. "ఉప్పు ఇంత... ఇదిగో, ఇంత" అంటారు అత్తయ్యగారు. తెర మీద చెయ్యి ఉండదు.

మావారు అది చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కసురు దగ్గరికి జరిపి, రెండుసార్లు విని, లేచి వెళ్లి మొహం కడుక్కున్నారు.

ఆ రాత్రి తణుకులో ఉన్న మా వదినగారికి ఫోన్ చేసి ఇదంతా చెబుతుంటే ఆవిడ, "ఉండవే, ఆ రోజు నువ్వు నాకు వాట్సాప్‌లో పంపావు కదా! పెద్దది వెళ్లడం లేదని ముక్క కోసి పంపావు" అన్నారు. నిజమే, అప్పట్లో వాట్సాప్‌లో పెద్ద వీడియోలు వెళ్లేవి కావు. నాకు జ్ఞాపకమే లేదు. వదినగారి పాత ఫోను, తెర పగిలి, పాత చీరల మూటలో ఉంది. ఛార్జింగ్ పెడితే వెలిగింది. మసకమసకగా, రెండు నిమిషాల ముక్క. అందులో ఉంది అత్తయ్యగారి అరచెయ్యి. ఉప్పుతో, వేళ్లు కొంచెం ముడుచుకుని, గిన్నె మీద.

ల్యాబు గొంతు ఇచ్చింది, వదిన చెయ్యి ఇచ్చింది. రెండూ కలిపి ఈ వేసవికి ఆవకాయ పెట్టాను. మిగతా ఎనిమిది నిమిషాలు పోయినట్టే. అందులో ఏముందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. అసలు బాధ అదే.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. కొత్త విద్యేం కాదు, ఆవకాయ పద్ధతే. ఆవకాయ అంతా ఒకే జాడీలో పెట్టి రోజూ అందులోనే చెయ్యి పెట్టం కదా. పెద్ద జాడీ అటక మీద ఉంటుంది, చిన్న సీసాలోకి తీసుకుని వాడుకుంటాం, ఒక సీసా కూతురికో ఆడపడుచుకో పంపిస్తాం. ఇక్కడ బూజు పట్టినా అక్కడ బాగుంటుంది. కంప్యూటరువాళ్లు కూడా ఇదే చెబుతారట, 3-2-1 అంటారు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి బయట. నాకు అది వినగానే నవ్వొచ్చింది. మా అమ్మమ్మకి తెలిసిన సంగతే.

మా మూడు ఏవంటే, ఇంట్లో కొత్త డిస్కు ఒకటి, క్లౌడులో ఒకటి, తణుకులో వదినగారి బీరువాలో ఇంకో డిస్కు. ఏటా సంక్రాంతికి వెళ్లినప్పుడు అరిసెలతో పాటు కొత్త డిస్కు పట్టుకెళ్లి పాతది తెచ్చుకుంటాను. తెచ్చాక ఒకసారి తగిలించి నాలుగైదు ఫోటోలు తెరిచి చూస్తాను. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరని పిక్సార్ వాళ్ల కథే చెప్పింది కదా. వాడటం అయ్యాక కంప్యూటర్లో ఎజెక్ట్ నొక్కి, వైరు తీసి, డ్రాయరులో పెడతాం. బల్ల మీద తిరుగుతూ వదిలేయడం మా ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలిగించి వదిలేయడంతో సమానం.

క్లౌడ్ ఉంది కదా, ఇంకెందుకు అంటారేమో. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, మెయిలూ ఫోటోలూ అన్నీ కలిపి. అది నిండితే కొత్తవి చేరడం ఆగిపోతుంది, మనం చూసుకోం. ఫోన్లో డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉండి శాశ్వతంగా పోతుంది. రెండేళ్లు అసలు వాడని అకౌంటుని గూగుల్ తీసేయవచ్చు కూడా. మీ నాన్నగారి ఫోటోలు ఆయన అకౌంటులోనే ఉండిపోయి, ఆ పాస్‌వర్డు ఎవరికీ తెలియకపోతే? బ్యాంకు లాకరుకి నామినీని పెడతాం, దీనికి పెట్టమే! గూగుల్‌లో "ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఒకటుంది, మనం వాడటం మానేస్తే ఎవరికి అందాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఓ మధ్యాహ్నం కూర్చుని పెట్టేసుకోండి.

ఫోల్డర్లకి పేర్లు ఇప్పుడు నేనే పెడుతున్నాను. "2017 మే అత్తయ్య ఆవకాయ." "2019 జనవరి నాన్న ఆదివారం." ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు. కేకు ఫోటోలు నలభైలో మూడు ఉంచి మిగతావి తీసేస్తాను. పెద్దది పక్కన కూర్చుని "ఇది ఎప్పుడమ్మా, ఈవిడెవరు?" అని అడుగుతుంది. అడిగినవన్నీ ఫోల్డరు పేర్లలో చేరుతున్నాయి.

మొత్తం లెక్క వేసుకుంటే, రెండో డిస్కుకి అయింది ఐదు వేల చిల్లర. ముందే కొని ఉంటే 32 వేలూ మిగిలేవి, అన్నవరమూ మిగిలేది. ఈ లెక్క మీకు ఉపయోగపడుతుందనే ఇంత పొడుగ్గా రాశాను.

మీ ఇంట్లో కూడా ఓ నల్ల డబ్బా ఉండే ఉంటుంది, లేకపోతే పాత ఫోను, పెళ్లి సీడీ. దాన్లో ఏముందో మీకు తెలుసా? ఇవాళ వంట అయ్యాక మీ ఆయన్ని గానీ, పిల్లల్ని గానీ కూర్చోబెట్టి తెరిపించండి. అందులో మీకు ఏవి పోతే తట్టుకోలేరో ఓ ఐదు రాసుకోండి. ఆ ఐదూ ఈ రాత్రికే మీ వదినకో, చెల్లెలికో పంపించండి. వాళ్లు ఏ చీరల మూటలో పెట్టుకున్నా ఫరవాలేదు.